అమ్మ దగ్గర అధిక మాసం

మా ఇంట్లో నెలలు గడప దగ్గర పుడతాయి. అమావాస్య మరునాడు పొద్దున్నే అమ్మ వాకిలి కడిగి, ముగ్గు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, గడప మీద కాసిని నీళ్ళు చల్లుతూ, "ఈ పొద్దు నుంచి మాఘం" అంటుంది. వినడానికి అక్కడ ఎవరూ ఉండరు. వీధికి చెబుతుందో, ఇంటికి చెబుతుందో నేనెప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు దుప్పటి కింద కళ్ళు మూసుకునే ఆ మాట వినేదాన్ని. కార్తీకం అని చెవిన పడగానే నిద్రలోనే కాళ్ళు చల్లబడేవి. వైశాఖం అంటే మామిడిపండు వాసన వచ్చేది, ఇంట్లో పండు ఉన్నా లేకపోయినా.

ఆ పేర్లు నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మాది ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నెలలంటే చిత్తిర, వైకాశి, ఆని, ఆడి, ఆవణి. అవి సూర్యుడి వెంట నడిచేవి, మావి చంద్రుడి వెంట నడిచేవి. పరీక్షలకూ ఫీజులకూ మాత్రం జూన్, జూలై. వీటన్నిటిలో ఏది నిజమైన నెల అని ఒకసారి అమ్మను అడిగితే, "బస్సుకు నంబరొకటి, ఊరిపేరొకటి ఉండదా, అట్లనే" అంది. అమ్మ జవాబులన్నీ అంతే. వినేటప్పుడు బాగుంటాయి, తరవాత ఆలోచిస్తే ఏమీ చేతికి రాదు.

అమ్మకు తెలుగు చదవడం రాదు. నాకూ పెళ్ళయ్యేదాకా రాదు, ఈ అక్షరాలు తరవాత పట్టుబట్టి నేర్చుకున్నవి. మా పెద్దలు ఎప్పుడో వ్యాపారానికి ఇటు వచ్చినప్పుడు మాటను తెచ్చుకున్నారు గానీ అక్షరాలను దారిలోనే వదిలేశారు. బస్టాండు వెనక వీధిలో మాకు పాత్రల కొట్టు ఉంది, కొట్టు వెనకే ఇల్లు. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు అమ్ముతాం. ఇంట్లో గోడకు రోజుకొక కాగితం చించే తమిళ క్యాలెండర్ ఉంటుంది. అమ్మ అందులో అమావాస్య గుర్తు ఒక్కటే చూసుకుని, తక్కిన తెలుగు సంవత్సరమంతా నోటితోనే నడుపుతుంది. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మకు మిగిలినవి కొట్టు, నేను. కొన్నేళ్ళ క్రితం అందులో ఒకదానికి పెళ్ళి చేసింది.

ఆషాఢం వస్తే ముహూర్తాలు ఉండవని పెళ్ళి హడావిడిగా జ్యేష్ఠం చివర్లో కానిచ్చారు. అత్తవారిది పాపిరెడ్డిపట్టి. వాళ్ళూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, సేద్యగాళ్ళు. ఆయన ఆ దగ్గర్లోని ఒక మిల్లులో షిఫ్టుల ఉద్యోగం చేస్తారు. ధర్మపురి నుంచి బస్సెక్కితే సినిమా చూసినంత సేపు కూడా పట్టదు. పిలిస్తే పలికే దూరం అన్నారు సంబంధం కుదిర్చినవాళ్ళు. పిలవకూడని కాలం ఒకటి వస్తుందని వాళ్ళు చెప్పలేదు.

నేను కాపురానికి వెళ్ళి కాళ్ళ పారాణి పోకముందే ఆషాఢం వచ్చింది. ఆ నెల కొత్త కోడలూ అత్తా ఒకే కప్పు కింద ఉండకూడదు. అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. అమ్మ వచ్చి నన్ను వెంటబెట్టుకుని ధర్మపురికి తీసుకొచ్చేసింది.

అందరూ నాకు విశ్రాంతి దొరికిందన్నారు. నాకేమో భయం పట్టుకుంది. అప్పటికి ఆయనతో నేను ఆడిన మాటల్లో సగం 'పెట్టనా', తక్కిన సగం 'చాలా'. ఈ మనిషి నావాడని అప్పుడప్పుడే అనిపించడం మొదలైంది. ఒక నెల ఎడబాటు వస్తే మళ్ళీ కొత్తవాళ్ళమైపోతామేమో, మొదటినుంచీ సిగ్గుపడుతూ రావాలేమో అని దిగులు. ఆయన ముఖం తలుచుకుంటే చెవి గుర్తొచ్చేది, మీసం గుర్తొచ్చేది, రెండూ కలిసేవి కావు. ఫోన్లో పెళ్ళిఫోటోలు ఉన్నాయి గానీ వాటిలో ఉన్నది పూలదండలో ఊపిరాడని పెళ్ళికొడుకు. కలలో వచ్చేవారు. ఎప్పుడు వచ్చినా అటు తిరిగి, పొలం వైపు చూస్తూ నిలబడేవారు. పిలుద్దామంటే మొగుడిని పేరు పెట్టి పిలవకూడదని కలలో కూడా గుర్తుండేది.

రోజూ ఫోన్ చేసేవారు. "మీ అమ్మకు ఆషాఢం, మా అమ్మకు ఆని, నాకు నైట్ షిఫ్టు. మా ముగ్గురికీ తెల్లవారేది ఒకటేసారి అయితే అప్పుడు కలుద్దాం" అని నవ్వేవారు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వుకు ముఖం అతికించాలని చూసేదాన్ని.

ఆషాఢం ఇక ఆఖరుకొచ్చిందని నేను బట్టలు సర్దుకుంటున్న రోజుల్లో మా అత్త అమ్మకు ఫోన్ చేసింది. "వదినా, ఆడి ఒకటికి పిల్లోడ్ని పంపిస్తా, టెంకాయ కాల్చుకోని వచ్చేస్తాడు. పాప ఆడి అంతా మీ దగ్గర్నే ఉండనీండి. కొత్తగా పెండ్లైనోళ్ళను ఆడిలో మేము కలిపిపెట్టము. ఇప్పుడు కడుపు నిలిస్తే కాన్పు నడి ఎండల్లో వస్తాది."

అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళు మాట్లాడేది తెలుగే అయినా, ఆడిలో విత్తనం వేసే సేద్యగాళ్ళు కాబట్టి నెలల విషయంలో ఎన్నో తరాల కిందటే తమిళులైపోయారు. అమ్మ పుట్టించిన ఆషాఢం ఒకటి, అత్త పుట్టించే ఆడి ఒకటి. చంద్రుడు వదిలాడనుకుంటే సూర్యుడు పట్టుకున్నాడు. సర్దిన బట్టలన్నీ మళ్ళీ బీరువాలోకి విసిరేశాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమె ముఖంలో నాకు విచారం ఏమీ కనబడలేదు.

ఆ సంవత్సరం ఆషాఢ అమావాస్యా, ఆడి ఒకటో తేదీ ఒకే రోజు పడ్డాయి. ఆడి ఒకటి కాబట్టి అల్లుడిని పిలవాలి. ఆషాఢం ఇంకా పోలేదు కాబట్టి అల్లుడు గడప దాటకూడదు. ఇలాంటి చిక్కు ధర్మపురిలో తెలుగింట తప్ప ఇంకెక్కడైనా వస్తుందా అని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, పళ్ళ సంచీతో మెట్టెక్కబోతుంటే అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆడ్నే ఉండండి మాపిళ్ళా. ఈ పొద్దంతా మాకు ఆషాఢమే."

"మా అమ్మ ఆడి అని పంపించింది కదత్తా."

"ఆడి వీధిలో చేసుకుందాం. ఆషాఢం ఇంట్లో ఉండనీ. తిన్నె కడిగి పెట్టినా, కూర్చోండి."

ఆయన బుద్ధిగా అరుగు మీద కూర్చున్నారు. మా వైపు ఆడి ఒకటిన వీధివీధంతా టెంకాయలు కాలుస్తారు. పీచు తీసిన కాయను నున్నగా గీకి, కన్ను పొడిచి, కొన్ని నీళ్ళు వంచేసి, బెల్లం, నువ్వులు, పెసరపప్పు, అటుకులు అందులో దూరుస్తారు. పసుపు పూసిన పచ్చిపుల్లను ఆ కన్నులో దిగ్గొట్టి, ఇంటి ముందు మంట వేసి, పుల్ల పట్టుకుని తిప్పుతూ కాలుస్తారు. చిప్ప నల్లబడి పగుళ్ళివ్వగానే బెల్లం, కొబ్బరి కలిసి మాడే వాసన ఊరంతా కమ్ముకుంటుంది. పక్కింటి ముస్లిం ఆవిడ బాయమ్మ మేడ మీంచి చూసి, అల్లుడిని వీధిలోనే నిలబెట్టేశారే అని తమిళంలో వేళాకోళం చేసింది. ఆయన సిగ్గుపడి కాయను మరీ మంటలోకి పెట్టేశారు. అది టప్పున పగిలి సగం బెల్లం బూడిదపాలైంది.

మిగిలిన సగం అరుగు మీద పెట్టుకుని తిన్నాం. ఆయన గడపకు అటు, నేను గడపకు ఇటు. అమ్మ కావాలనే వంటింట్లో గిన్నెలు మోగిస్తూ ఉండిపోయింది. ఆయన నన్ను చాలాసేపు చూస్తూ ఉంటే ఏమిటన్నాను.

"దినమూ ఫోన్లో నీ గొంతు విని విని ముఖం మరచిపోతా ఉండా. ఈ పొద్దు బాగా చూసి పోదామని."

నా భయం ఆయనకూ ఉందని నేను అనుకోలేదు. మంటల పొగ వీధంతా తిరుగుతోంది, కళ్ళు మండుతున్నాయి. అయినా రెప్ప వెయ్యకుండా నేనూ చూశాను. చెవీ, మీసమూ, నుదుటి మీద చిన్న గాటూ ఒకచోటికి చేరాయి. చివరి బస్సుకు చాలా ముందే ఆయన వెళ్ళిపోయారు.

మరునాడు పొద్దున పక్కమీదే ఉండి శ్రావణం అనే మాట కోసం చెవులు రిక్కించాను. చీపురు చప్పుడు ఆగింది, నీళ్ళ చప్పుడు ఆగింది. "ఈ పొద్దు నుంచి అధికం" అంది అమ్మ.

లేచి కూర్చున్నాను. ఇదెక్కడి నెల అని అడిగితే అమ్మ నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి, క్యాలెండర్ కాగితాలను ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. "నిన్న అమావాస్యకు ఆడి పుట్టేసె. వచ్చే అమావాస్య దాటినాకనే ఆవణి పుడతాది. నడాన తమిళ నెల ఒక్కటీ పుట్టలేదు చూడు. అట్ల వచ్చిన నెల మనకు లెక్కలో చేరదు. అది అధికం. దాని తరవాత వచ్చేదే అసలు శ్రావణం. మీ జేజి నాకు ఇట్లనే చెప్పిచ్చింది." జేజి అంటే మా నాన్నమ్మ.

చంద్రుడి సంవత్సరం సూర్యుడి సంవత్సరం కంటే కాస్త పొట్టి. ఆ వెలితి చేరి చేరి రెండు మూడేళ్ళకొకసారి ఒక నెలంత అవుతుంది. దాన్ని మధ్యలో ఇరికించి, మళ్ళీ ఇద్దరినీ జంటగా నడిపిస్తారు. తెలుగు నెల పట్టుకోవడానికి తమిళ క్యాలెండరా అని ఎగతాళి చేశాను గానీ, లోపల ఏదో వింతగా అనిపించింది. ఆ నెలలో పెళ్ళి ఉండదు, వ్రతం ఉండదు, ఏ శుభకార్యమూ ఉండదు. ఆడి కాబట్టి ఊళ్ళోనూ పెళ్ళిళ్ళు లేవు. బట్టల కొట్ల వాళ్ళు ఆడి తగ్గింపు అని బోర్డులు కట్టి జనాన్ని లాగుతున్నారు. తగ్గించి అమ్మడం అమ్మకు ఇష్టం ఉండదు, అందుకని మా బిందెలు బోర్లా పడుకుని నిద్రపోయాయి.

రెండు మూడు సాయంత్రాల తరవాత బాయమ్మ మేడ మీద నిలబడి పడమటి వైపు చూస్తుంటే మేమూ ఎక్కాం. సన్నని నెలవంక, కంటికి ఆనీ ఆననట్టు ఉంది. "మాకు కొత్త సంవత్సరం వచ్చేసింది" అంది ఆమె మెల్లగా. పండుగలా చెయ్యరట, ఊరికే దువా చేసుకుంటారట. అధిక మాసం గురించి అమ్మ చెబితే ఆశ్చర్యపోయింది. వాళ్ళకు అలా చేర్చడం లేదు. చంద్రుడు ఎటు తీసుకుపోతే అటే. "నా పెళ్ళి జరిగిన నెల అప్పట్లో వానల్లో వచ్చేది. ఇప్పుడు ఎండల్లో వస్తోంది. నేను ముసలిదాన్నయ్యేసరికి మళ్ళీ వానల్లోకి పోతుంది" అంది. తన పెళ్ళి రోజు అన్ని కాలాలనూ చుట్టి వస్తుందంటే నాకు అసూయ కలిగింది. మేం ముగ్గురం ఆ వంక మునిగేదాకా అక్కడే ఉన్నాం. ఆమెకు సంవత్సరం మొదలైంది, మాకు లెక్కకు రాని నెల మొదలైంది, అదంతా ఆ ఒక్క గీతలోనే.

ఆ తరవాతి రోజులు నాకు వరసగా గుర్తులేవు. ఒకే మధ్యాహ్నం చాలా పొడుగ్గా సాగినట్టు గుర్తుంది. అమ్మ కొట్టు షట్టరు సగానికి దించేసి వచ్చి, చల్లటి గచ్చు మీద నా పక్కన పడుకునేది. నేను పుట్టి పెరిగిన ఇంట్లో అమ్మ పగటిపూట పడుకోగా చూడడం అదే మొదటిసారి. ఆమె అన్నం కూడా నిలబడే తినే మనిషి. షట్టరు కింద నుంచి వచ్చే వెలుతురు ఇత్తడి బిందెల మీద పడి కప్పు మీద పచ్చగా కదిలేది. బస్టాండులో కారిమంగళం, కారిమంగళం అని కండక్టరు అరుపు ఎక్కడో వేరే ఊళ్ళో వినిపించినట్టు ఉండేది. అమ్మ సన్నగా ఏదో కూనిరాగం తీసేది. అమ్మకు రాగం వచ్చని నాకు తెలియదు. అరికాలు ముట్టుకుంటే గిలిగింత అని కూడా తెలియదు.

ఒక మధ్యాహ్నం అడగకుండానే నాన్న గురించి చెప్పింది. పెళ్ళైన కొత్తలో తననూ ఆషాఢానికి పుట్టింటికి పంపేశారట. నాన్న రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చి, వీధి మలుపు దగ్గర దిగి, చైను ఊడిపోయినట్టు కింద కూర్చునేవాడట. "దినమూ ఊడిపోయే చైను ఏందిరా అని మా నాయన కొత్త చైను కొనిచ్చేదానికి పోయినాడు" అని అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నాన్నంటే గోడ మీద దండ వేసిన ఫోటో. ఆ రోజు నాన్న చేతులకు నూనె మరకలు అంటుకున్నాయి. అమ్మ నవ్వుతూ నవ్వుతూ అటు తిరిగి పడుకుంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాను. పెళ్ళి కాకపోతే నాకు అమ్మ ఇలా ఎప్పటికీ దొరికేది కాదు అనిపించింది.

ఆడి నెల పద్దెనిమిదో నాటి ఏటి పండుగ వెళ్ళాక అత్త మళ్ళీ ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకరులో గొంతు వినిపిస్తూనే ఉంది. "పద్దెనిమిది అయిపోయె కద వదినా, ఇంగ చాలు. పిల్లోడు సరిగా అన్నం తినేది లేదు. పాపను పంపించేయండి."

నా చూపు బీరువా మీదికి పోయింది. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మాకు అధికం నడస్తా ఉండాది వదినా. అధికంలో ఆడపిల్లను పంపించేది లేదు. శ్రావణం పుట్టనీండి."

అటువైపు అత్త సరేనంది. ఫోన్ పెట్టేశాక నేను నిలదీశాను. అధికం నిజమే, నువ్వు చూపించావు. అధికంలో మొగుడింటికి పోకూడదని ఎవరు చెప్పారు? జేజి చెప్పిందా?

"నేను చెప్పినా" అంది అమ్మ. కొట్టులోకి వెళ్ళి, ఎవరూ అడగని బిందెలు తుడవడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకు ఫోన్ చేసి ఏడ్చాను. వెంటనే వచ్చి తీసుకుపోతానంటారని ఎదురుచూస్తుంటే ఆయన, "మీ అమ్మ ఒక్కతే కదా. నాకు ఎట్లా నైట్ షిఫ్టే. ఉండు, శ్రావణానికి మొదటి బస్సుకే వస్తా" అన్నారు. ఇంతేనా నామీద ప్రేమ అని గట్టిగా తిట్టాను. పెళ్ళయ్యాక ఆయనను తిట్టడం అదే మొదలు. ఆయన నవ్వారు. తిట్టడం ఆపాక తెలిసింది, కొత్తవాళ్ళను ఎవరూ అలా తిట్టరు. మళ్ళీ పరాయివాళ్ళం అవుతామన్న భయం ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. ఇక మిగిలినదల్లా ఆయన దగ్గరికి వెళ్ళాలన్న ఆత్రం ఒక్కటే.

ఆ అమావాస్య వచ్చింది, పోయింది. మరునాడు ఇంకా మసక ఉండగానే మెలకువ వచ్చింది. ఆయన మొదటి బస్సెక్కానని ఫోన్లో మెసేజ్ పెట్టారు. నేను స్నానం చేసి, తల దువ్వుకుని, సంచీ సర్దుకుని మంచం మీద కూర్చుని విన్నాను. చీపురు చప్పుడైంది. నీళ్ళు చల్లిన చప్పుడైంది. తరవాత ఏమీ వినిపించలేదు. తెల్లవారిపోయింది, పాలవాడు వచ్చి వెళ్ళాడు. అమ్మ నోట ఏ మాటా రాలేదు.

బయటికి వచ్చాను. అమ్మ ఇంకా ముగ్గు వేస్తోంది. మా వాకిలి ఎప్పుడో నిండిపోయింది. గీతలు అరుగు దాటి, కొట్టు ముందుకు పాకి, బాయమ్మగారి గుమ్మం దాకా వెళ్ళాయి. పండుగలకు కూడా అమ్మ అంత ముగ్గు వెయ్యదు. నేను వచ్చినట్టు తెలిసి కూడా తల ఎత్తలేదు. చుక్కలు పెడుతోంది, కలుపుతోంది, మళ్ళీ పెడుతోంది.

నెల పేరు అమ్మ పలకకుండా మా ఇంట్లోకి ఏ నెలా రాలేదు. ఆమె ఊరుకుంటే అధికం ఇంకా అధికంగానే ఉంటుంది. నేను నిలబడి చూస్తున్నాను. ఈ రోజు కోసమే రెండు నెలలు కాచుకున్నదాన్ని, ఇంకో మధ్యాహ్నం ఉంటే బాగుండు అనుకున్నాను. అంతలో వీధి మలుపులో ఆయన కనిపించారు, ఏదో సంచీ పట్టుకుని గబగబా నడిచి వస్తున్నారు.

"అమ్మా, ఈ పొద్దు నుంచి శ్రావణం" అన్నాను.

అమ్మ చేతిలో పిండి అయిపోయేదాకా ఆ చివరి గీత గీసింది. తరవాత నెమ్మదిగా లేచి, ముగ్గుచేత్తోనే నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసుకుంది.

"నాకు తెలుసులే పాపా. నువ్వు చెప్తావా లేదా అని చూస్తా ఉంటి" అంది.

ఆ మాట విన్నాక ఆయన వైపు చూడడానికి నాకు కాసేపు పట్టింది. అత్తవారింటికి నన్ను నేనే పంపుకున్నాను. అమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, నా సంచీ తెచ్చి అరుగు మీద పెట్టింది.